ఇంజనుకి కొసరు లేదు

మా వ్యాను ఇంజను హెడ్డు నేను విప్పాను. గాస్కెట్ మార్చాను. మళ్ళీ నేనే బిగించాను. మూడేళ్ళయింది, ఈ రోజు వరకూ చుక్క నీరు కారలేదు. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి. ఒడిశాలో ఉన్న మా గుణుపూర్‌లో సగం మంది అలాగే అనుకున్నారు, మిగతా సగం మంది కుర్చీ వేసి కూర్చోబెట్టి మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. పులుసు బాగా పెట్టానంటే ముచ్చటపడే జనం, ఇంజను బాగా కట్టానంటే మూతి ఎందుకు తిప్పుకుంటారో నాకు అర్థం కాదు.

అయితే ఒక మాట ముందే ఒప్పుకుంటాను. బిగించింది ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి ఎందుకు బిగించాల్సి వచ్చిందో చెప్పకపోతే మా ఇంటి సంగతి చెప్పినట్టు కాదు.

మాది ఉల్లిపాయలు, ఎండుమిరప, పసుపు, చింతపండు అమ్మే కొట్టు. మా తాత బొబ్బిలి వైపు నుంచి ఎడ్లబండి మీద ఉప్పు తెచ్చి ఈ ప్రాంతంలో అమ్మేవాడట. నాన్న ఆ ఉప్పు పక్కన ఉల్లిపాయలు చేర్చాడు. ముందు గది కొట్టు, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక గొడౌను, గొడౌనుని ఆనుకుని రేకుల షెడ్డు. షెడ్డులో వ్యాను. పెట్రోలుతో నడిచే పాత తెల్ల వ్యాను, వెనక సీట్లు పీకేసి బస్తాలు వేసుకుంటాం. దానికి ఇంజను ముందుండదు, మన సీటు కిందే ఉంటుంది. సీటు పైకెత్తితే చాలు, పెట్టె మూత తీసినట్టు మొత్తం కనిపిస్తుంది. ఎండాకాలంలో కూర్చున్నచోట కాలుతుంది కూడా.

నాన్నకి నేను ఒక్కదాన్నే. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళి సంగతి అడక్కండి, దాంతో ఇక్కడ పని లేదు. నాన్న మోకాలు క్లచ్చి తొక్కనని మొరాయించాక, సంతలకి వ్యాను నడపడం నేను మొదలుపెట్టాను. పద్మపూర్ సంత, రామనగుడ సంత, మధ్యలో చిన్నాచితకావి. నేను నడిపేదాన్ని, బస్తాలు దించేదాన్ని, పట్టా పరిచేదాన్ని, బేరం ఆడేదాన్ని. తూచడం మాత్రం నాన్నది. ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. "తూకానికి సెయ్యి తెలవాలే అమ్మీ" అనేవాడు, అంతే. నా చేతులు ఏభై కిలోల బస్తా ఎత్తుతాయి గానీ రెండు కిలోల ఉల్లిపాయలు తూచడానికి పనికిరావన్నమాట. నాకు ఒళ్ళు మండేది.

ఆయన తూచేది స్ప్రింగు కాటాతో. పైన ఉంగరం, కింద కొక్కెం, మధ్యలో గుండ్రటి ఇత్తడి పళ్ళెం మీద అంకెలు, ఒక ముల్లు. కొక్కేనికి వెదురుబుట్ట తగిలించి పైకెత్తితే ముల్లు ఎక్కడాగితే అంత బరువు. సంతలో అందరూ కరెంటు కాటాలు కొనేశారు, ఆయన కొనలేదు. "గ్రాముల్లెక్కన అంకె సూపిస్తే కొసరు సిగ్గుపడిపోద్ది" అనేవాడు.

కొసరు తెలియని తెలుగువాళ్ళు ఉండరు, కానీ మా నాన్న కొసరు వేరు. అడిగితే వేసేది కాదు అది. ముల్లు రెండు కిలోల గీత మీద ఆగుతుంది, ఆయన చెయ్యి చూడకుండానే రాశిలోకి వెళ్తుంది, ఇంకో రెండు ఉల్లిపాయలు బుట్టలో పడతాయి. అప్పుడే తూకం అయినట్టు. అయినా కొనేవాళ్ళు ఊరుకోరు, "ఆఉ టికే, ఆఉ టికే" అంటారు, ఇంకొంచెం వెయ్యమని. అంటే ఇంకోటి పడుతుంది. కొండవాళ్ళ దగ్గర చింతపండు కొనేటప్పుడు ముల్లు పదికి కొంచెం ఇవతలే ఆగినా "పది" అని గట్టిగా చెప్పేవాడు. కొసరు లేని తూకం ముష్టివాడి తూకమని మా తాత మాటట. యాభై ఏళ్ళుగా నాన్న చెయ్యి గీత మీద ఆగింది లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక వ్యాను ఎలా పోయిందంటే, నా వల్లే పోయింది. పద్మపూర్ సంత నుంచి వస్తున్నాం. కొన్న చింతపండుతో బరువు బాగా ఉంది. ఊరు దగ్గరపడుతుండగా వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. ఆగాలి. ఆపి, చల్లారనిచ్చి, నీళ్ళు పొయ్యాలి. అది నాకు తెలుసు. కానీ ఊరు నాలుగు కిలోమీటర్లే ఉంది, ఆకలేస్తోంది, అన్నిటికీ మించి పక్కన కూర్చున్న నాన్న "ఆపుతావేటే?" అని అడిగాడు. ఆయన అడిగాడు కాబట్టే ఆపలేదు. నా బుద్ధి అలాంటిది. ఇంటి సందులోకి తిరిగేసరికి వెనక నుంచి తెల్లటి పొగ, ముందు నుంచి ఆవిరి. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మర్నాడు వీధి చివరి మెకానిక్కు వచ్చి నూనె పుల్ల బయటికి తీసి చూపించాడు. నల్లగా ఉండాల్సిన నూనె పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది.

"నీల్లు నూనెలో కలిసిపోనాయి. హెడ్డు గాస్కెట్ పోనాదండి" అన్నాడు నాన్నతో.

హెడ్డంటే ఇంజను పైభాగం. దానికీ కింది దిమ్మకీ మధ్య పలచటి పొర ఒకటి పరిచి ఉంటుంది, అదే గాస్కెట్. లోపలి మంటనీ, నీటినీ, నూనెనీ ఒకదాన్ని ఒకటి ముట్టుకోనివ్వకుండా అది కాపలా కాస్తుంది. ఇంజను మరీ వేడెక్కితే అది మాడిపోతుంది.

"నా కాడ పదైదు రోజుల పనుంది. ఇంత పాత బండికి అంత అవస్త ఎందుకండీ, పాతినప సామాన్లోడికి ఇచ్చీండి" అని మెకానిక్కు చేతులు తుడుచుకున్నాడు.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం కొట్టు మూశాక, అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటూ అన్నాడు. "పై వారం రామనగుడ సంతకి బండి లెగిస్తే సరే. లెగకపోతే ఇంక సాలు అమ్మీ. బండి ఇచ్చీసి, సంతలు మానీసి, కొట్టు సూసుకుందాం. నాకూ ఓపిక నేదు."

ఆయనకి అది విశ్రాంతి. నాకు శిక్ష. నేను ఆ కొట్టులో గల్లా వెనక పెరిగాను, అక్కడ మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. వచ్చినవాళ్ళకి వంద గ్రాముల పసుపు కట్టివ్వడం, పోయినవాళ్ళ వెనక ఈగలు తోలుకోవడం. సంత రోజున స్టీరింగు పట్టుకుని వంశధార వంతెన ఎక్కుతున్నప్పుడు మాత్రం నేనూ ఒక మనిషినని అనిపించేది. ఆ సీటు పోతే నాకు ఏమీ మిగలదు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నాకు రెండూ కలిసొస్తే పని మొదలుపెడతాను.

"వారంలో నాను కట్టీస్తాను" అన్నాను.

"ఏటి కట్టీడం? ఇంజనా?" అంది అమ్మ వంటింట్లోంచి. "అదేటి జడనుకున్నావేటే, ఇప్పీసి అల్లీడానికి?"

పూర్తిగా పిచ్చి ధైర్యం కాదు నాది. ఇంట్లో కుట్టుమిషను, గ్రైండరు, నీళ్ళ మోటారు బాగుచేసేది నేనే. నట్లు విప్పే సాకెట్ల పెట్టె రాయగడలో ఎప్పుడో కొన్నది ఉంది. మెకానిక్కు మా వ్యాను పని చేస్తున్నప్పుడల్లా పక్కన నిలబడి ప్రశ్నలు వేసి అతని ప్రాణం తీసేదాన్ని. ఇక ఫోను ఉండనే ఉంది. ఎక్కడివాడో హిందీలో మాట్లాడుతూ అచ్చం మా ఇంజనులాంటిదే విప్పి కట్టి చూపించాడు. ఆ వీడియో పదకొండుసార్లు చూశాను. ఊళ్ళో విడిభాగాల కొట్లో ఒకే ఒక్క గాస్కెట్ ఉంది, కొట్టువాడు మీద దుమ్ము ఊది ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. సీట్లు ఎత్తాను, నీళ్ళు దించాను, నూనె దించాను. గొట్టాలు, తీగలు ఊడదీసే ముందు ప్రతిదానికీ ఫొటో తీశాను. పొగగొట్టం నట్లు తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి, భోజనం చేసి వచ్చి, మళ్ళీ పట్టాను. ఒక్కొక్కటీ కీచుమంటూ లొంగింది. టైమింగు బెల్టు తీసే ముందు, మళ్ళీ సరిగ్గా అక్కడే ఎక్కేలా, పళ్ళచక్రాల మీద గోళ్ళరంగుతో గుర్తులు పెట్టాను. ఆ రంగు ఏనాడూ నా గోళ్ళకి పట్టింది లేదు, అలా పనికొచ్చింది. చిన్న నట్లన్నీ దేనికది వేరుగా ఉండాలని అమ్మ పోపులపెట్టె తెచ్చి గిన్నెల్లో వేశాను.

అమ్మ చూసింది. "ఓలమ్మా, నా పోపులపెట్టి! ఆవాల గిన్నిలో ఇనప్పురుగులేటే?" అని గోల పెట్టింది. నెల రోజుల పాటు మా ఇంట్లో చారు కొంచెం కిరసనాయిలు వాసన వేసిందని నాన్న అంటాడు. అబద్ధం. నేను సర్ఫు పెట్టి తోమాను.

రెండో రోజు సాయంత్రానికి హెడ్డు ఊడింది. రెండు చేతులతో ఎత్తి బయటపెట్టాను. పాత గాస్కెట్ మీద రెండు సిలిండర్ల మధ్య వేలెడంత మేర మాడి చీలిపోయి ఉంది. నా మొండితనం అక్కడ అచ్చు గుద్దినట్టు కనిపించింది. నాన్న వచ్చి వంగి చూశాడు. "ఇంతేనా?" అన్నాడు. అవును, ఇంతే. ఆపాల్సినప్పుడు ఆపి ఉంటే ఇదీ ఉండేది కాదు.

హెడ్డు వేడికి వంకరపోయిందేమో చూడాలి. దానికి చదునైనది కావాలి. కొట్టులో గల్లాబల్ల మీది అద్దం ఎత్తుకొచ్చాను. శుభ్రం చేసిన హెడ్డుని దాని మీద బోర్లించి, పలచటి కాగితం ముక్క చుట్టూ దూర్చి చూశాను. ఎక్కడా దూరలేదు. చదునుగానే ఉంది. ఆ ఒక్క చోట దేవుడు నా పక్షాన ఉన్నాడు. పైభాగమూ కిందిభాగమూ రెండు రోజులు గీకి, తుడిచి, ఊది, మళ్ళీ తుడిచాను. అద్దం తీసినందుకు గల్లాబల్ల మీద రెండు రోజులు పాత పేపరు పరిచి కూర్చున్నాడు నాన్న.

అసలు చిక్కు బిగించేటప్పుడు వచ్చింది. హెడ్డుకి ఎనిమిది బోల్టులు. వాటిని ఇష్టం వచ్చినట్టు బిగించకూడదు. చాప మీద ముడతలు తీసినట్టు మధ్యలోంచి అంచులకి పోవాలి, మూడు వరసల్లో, అంటే మూడు విడతలుగా కొంచెం కొంచెంగా, చివరికి అన్నిటికీ ఒకే బిగువు రావాలి. తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే బోల్టు సాగిపోతుంది. ఆ బిగువు కొలిచే రెంచి ఒకటుంటుంది. అది మా ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. మెకానిక్కుని అడిగితే తన మణికట్టు చూపించి "ఇదేనండి నా మీటరు" అన్నాడు.

నా మణికట్టుకి ఆ చదువు లేదు. గొడౌనులో ఉల్లి బస్తా మీద కూర్చుని ఆలోచించాను. చివరి వరసకి ఆరు కిలోల-మీటరు బిగువు కావాలని వీడియోలో చెప్పాడు. అంటే మీటరు పొడవు కడ్డీ చివర ఆరు కిలోల బరువుతో లాగాలి. అర మీటరు కడ్డీ అయితే పన్నెండు కిలోలు. కిలోలు! తల ఎత్తితే ఎదురుగా మేకుకి నాన్న స్ప్రింగు కాటా వేలాడుతోంది.

ఒక్క గంతు వేశాను. ఇది ఫోనులో ఎవడూ చెప్పలేదు, నా బుర్రకే తట్టింది. మా ఇంట్లో మూడు తరాలుగా ఉన్నది తూకమే కదా. నీళ్ళ గొట్టం ముక్క ఒకటి సాకెట్టు పిడికి తొడిగి, బోల్టు నడిమి నుంచి సరిగ్గా అర మీటరు దగ్గర గాటు పెట్టాను. ఆ గాట్లో కాటా కొక్కెం తగిలించి, ఉంగరం పట్టి లాగితే ముల్లు బిగువు చెప్తుంది. మొదటి వరస నాలుగు కిలోలు, రెండో వరస ఎనిమిది, మూడోది పన్నెండు.

ఇద్దరు కావాలి. సాకెట్టు బోల్టు మీంచి జారకుండా ఒకరు లోపల వంగి నొక్కి పట్టాలి. గొట్టం వ్యాను పక్క తలుపులోంచి బయటికి వస్తుంది కాబట్టి ఒకరు బయట నిలబడి లాగాలి. నాన్న కొట్టు వదిలి వచ్చాడు. కాటా చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"ఇది నా పని. ముల్లు సూడ్డం నాకే తెలుసు" అన్నాడు.

నేను లోపల వంగి సాకెట్టు పట్టుకున్నాను. నాకు ముల్లు కనిపించదు. "నాలుగు" అంటే నాలుగు, "ఎనిమిది" అంటే ఎనిమిది, రెండు వరసలు చక్కగా అయిపోయాయి. మూడో వరస. "పన్నెండు" అన్నాను. "పన్నెండూ" అని సంతలో అరిచినట్టే అరిచాడు నాన్న. ఒకటి, రెండు, మూడు. నా చేతి కింద గొట్టం ప్రతిసారీ ఆగి, మళ్ళీ ఒక్క పిసరు కదులుతున్నట్టు అనిపించింది. ఆయన చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాను. ఎనిమిదో బోల్టు దగ్గర "పన్నెండూ" అన్నాడు. ఆగింది. మళ్ళీ కదిలింది. ఈసారి కదిలి ఆగలేదు. వెన్నలో వేలు దిగినట్టు బోల్టు మెత్తగా తిరిగిపోయింది.

"ఆపు!" అని అరిచాను. "ఎంత లాగేవు నాన్నా?"

"పన్నెండే."

"పన్నెండుకి ఇలా తిరిగీదేటి? నిజం సెప్పు."

"పన్నెండేనే అమ్మీ." తరవాత తనే సర్దుకున్నాడు. "పన్నెండు, కొసరు."

నాకు ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమై సాకెట్టు వదిలేసి బయటికి వచ్చాను. "ఎన్నింటికి ఏసేవు?"

"అన్నిటికీనూ. ఒకదానికేసి ఒకదానికి ఎయ్యకపోతే అదర్మం కాదేటి?"

"మొదటి రెండు వరసలకీ?"

"అవి బేరాలు. ఆకరి తూకానికే కదే కొసరు."

ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. పాత బోల్టు సాగిపోయింది. మిగతావాటికీ ఎంతెంత కొసరు పడిందో దేవుడికే తెలియాలి. ఒకసారి నలిగిన గాస్కెట్ మళ్ళీ పనికిరాదు. సంతకి మూడు రోజులే ఉంది. ఊళ్ళో ఉన్న ఒక్క గాస్కెట్టూ ఆ హెడ్డు కింద పడి ఉంది. కోపంతో నాకు కళ్ళు కనిపించలేదు.

"ఇంజనుకి కొసరు నేదు నాన్నా!" అని అరిచాను. "సంతలో సరే, ఇక్కడా అదేనా? నీ కొసరు నా బండిని ముంచీసింది!"

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న కాటా గాట్లోంచి తీసి, కొక్కేన్ని పంచెతో తుడిచి, మేకుకి తగిలించి కొట్టులోకి వెళ్ళిపోయాడు. ఆయన మీద నేను అలా అరవడం అదే మొదలు. నా మొండితనంతో బండి మొత్తం తగలబెట్టినప్పుడు ఆయన ఒక్క మాట అనలేదు. ఆయన ఒక్క పిసరు ఎక్కువ లాగితే నేను వీధంతా వినపడేలా అన్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మర్నాడు నేను లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. మొదటి బస్సుకి రాయగడ వెళ్ళాడని అమ్మ చెప్పింది. మోకాలికి గుడ్డ కట్టుకుని మరీ వెళ్ళాడట. ఏం తేవాలో ఆయనకెలా తెలుసని అడిగాను. నేను రాత్రే ఊడదీసి పడేసిన సాగిన బోల్టూ, మాడిన పాత గాస్కెట్టూ గోనెసంచిలో పెట్టుకుని వెళ్ళాడట. నేను రోజంతా హెడ్డు మళ్ళీ ఊడదీసి, మళ్ళీ గీకి, మళ్ళీ తుడుస్తూ గడిపాను. వీధిలో బస్సు హారను వినపడ్డప్పుడల్లా చెయ్యి ఆగేది.

మధ్యాహ్నం దాటాక వచ్చాడు. రెండు అట్టల మధ్య పెట్టిన కొత్త గాస్కెట్‌ని దేవుడి పటంలా గుండెకి ఆనించి పట్టుకుని సందులోకి తిరిగాడు. కిక్కిరిసిన బస్సులో దాన్ని ఎవరూ నలపకుండా సగం దారి నిలబడే వచ్చాడట. బోల్టులు ఎనిమిదీ కొత్తవి.

"కొట్టోడు అడిగేడు, ఏ మెకానిక్కు కడతన్నాడు బాబూ అని" అన్నాడు చెప్పులు విడుస్తూ. "మా అమ్మి అన్నాను."

"అతనేటన్నాడు?"

"ఏటంటాడు? బోల్టులు రెండుసార్లు ఎంచి ఇచ్చేడు."

క్షమించమని అడుగుదామనుకున్నాను, మా ఇంట్లో ఆ మాట ఎవరికీ అలవాటు లేదు. మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగి, గ్లాసు తిరిగిస్తూ ఆయనే అన్నాడు. "నాను సాకెట్టు పట్టుకుంటాను. కాటా నువ్వు లాగు. నా సెయ్యి ఊరుకోదే."

మర్నాడు పొద్దున్న చోట్లు మార్చుకుని నిలబడ్డాం. మోకాలు నొప్పితో నాన్న లోపల వంగి సాకెట్టు నొక్కి పట్టాడు. నేను బయట, చేతిలో ఆయన కాటా. అన్నేళ్ళలో తూకం పట్టడానికి అది నా చేతికి రావడం అదే మొదటిసారి. ఇత్తడి పళ్ళెం ఆయన బొటనవేలు ఆనేచోట అరిగి నున్నగా ఉంది. నాలుగు. ఎనిమిది. పన్నెండు. ముల్లు గీత మీదకి రాగానే ఆపాను. ఆపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నా చేతిలోనూ ఆయన రక్తమే ఉంది, ఇంకొక్క పిసరు, ఇంకొక్క పిసరు అని గుంజుతూనే ఉంది. పళ్ళు బిగబట్టి ఆపాను. ఎనిమిదిసార్లు ఆపాను. లోపల నాన్న ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి ప్రతిసారీ ముడుచుకుని తెరుచుకుంది, ఉల్లిపాయల కోసం వెతుకుతున్నట్టు.

గొట్టాలు, తీగలు, బెల్టు, పోపులపెట్టెలోని నట్లు, ఫొటోలు చూసుకుంటూ అన్నీ ఎక్కించాను. ఒక్క నట్టు కూడా మిగల్లేదు. నూనె, నీళ్ళు పోశాను. తాళం తిప్పాను. గిర్రున తిరిగింది గానీ అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. అమ్మ గుమ్మంలోంచి ఏదో మొక్కుకుంటోంది. మూడోసారి ఒక్కసారిగా అందుకుంది. పొగగొట్టంలో మిగిలిన తడి వల్ల తెల్లగా పొగ వచ్చింది, పావుగంటలో అదీ తగ్గిపోయింది. రేడియేటరు మూత దగ్గర బుడగ లేదు. నూనె పుల్ల తీస్తే తేనెరంగులో నూనె. ఆ చప్పుడు వింటూ షెడ్డులో నిలబడి నేను చిన్నపిల్లలా నవ్వాను. నా అంతటిది ఈ ఊళ్ళో లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

సాయంత్రం మెకానిక్కు అటుగా పోతూ ఆగాడు. చెవి పెట్టి విన్నాడు. నీళ్ళు చూశాడు, నూనె చూశాడు, కింద దూరి కూడా చూశాడు. తప్పు దొరకలేదు. "బిగువు ఎలా సూసేరండీ?" అని నాన్నని అడిగాడు. నాన్న నా వైపు వేలు చూపించి "దాన్నడుగు" అన్నాడు. నేను చెప్పాను. అతను కాసేపు మేకు మీది కాటా వైపు చూసి, తల గోక్కుని, "ఒక్క పూట ఇస్తారేటండీ?" అన్నాడు. ఇవ్వలేదు. మర్నాడు సంత ఉంది మరి.

సంతకి బయల్దేరాం. ఉల్లి బస్తాలు పది, మిరప రెండు. నాన్న పక్కసీట్లో కూర్చుని దారి చూడలేదు, వేడి చూపించే ముల్లునే చూశాడు, కాటా ముల్లుని చూసినట్టు. అది సగానికి ఎక్కి అక్కడే నిలబడింది. రామనగుడ చేరేదాకా అక్కడే ఉంది. బండి దిగుతూ ఆ అద్దాన్ని వేలితో ఒకసారి తట్టాడు.

పట్టా పరిచాను, రాశి పోశాను. ఎప్పటిలాగే కాటా, బుట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన తీసుకోలేదు. గోనె మడతపెట్టుకుని రాశి పక్కన కూర్చున్నాడు, ఎప్పుడూ నేను కూర్చునేచోట.

"నీ సెయ్యి ఆగాల్సిన కాడ ఆగింది అమ్మీ. ఎనిమిదికి ఎనిమిదీ. సాకెట్టు కాడ నా సేతికి తెలిసింది" అన్నాడు. "నా వల్ల కానిది అది. ఇయ్యాల్టి నుంచి తూకం నీది. కొసరు మట్టుకు నానే ఏస్తాను."

నేను కాటా చేతిలోకి తీసుకున్నాను. ఏదైనా అనేలోపే మొదటి బేరం వచ్చేసింది. ఎప్పుడూ వచ్చే సవర ముసలావిడ, రెండు కిలోలు కావాలంది. బుట్టలో ఉల్లిపాయలు వేసి కాటా పైకెత్తాను. ముల్లు ఊగి, ఊగి, రెండు గీత మీద నిలబడింది. ఆవిడ నాన్న వైపు చూసింది, కాటా ఆయన చేతిలో లేదని చూసుకుని నా వైపు తిరిగింది.

"ఆఉ టికే" అంది నాతో.

నా పక్క నుంచి నాన్న చెయ్యి వచ్చింది. రెండు ఉల్లిపాయలు బుట్టలో పడ్డాయి, తరవాత ఇంకోటి. నేను కాటా కదలకుండా పట్టుకున్నాను.